ఎవరికి కావలసిన పంతులు?

పిల్లలకు పాఠం చెప్పడానికి టీచరు ఉంటారు. ఆ టీచరుకు పాఠం చెప్పడం ఎలాగో నేర్పేది ఎవరు? చూడ్డానికి చిన్న ప్రశ్నే. కానీ దీనిమీద మన చెన్నపట్నంలో రెండు వందల ఏళ్లకు పైగా తగువు నడిచింది. కంపెనీ దొరలు, మిషనరీలు, పెద్దకులాల పెద్దమనుషులు, సంఘ సంస్కర్తలు, ఆ తర్వాత మన సొంత ప్రభుత్వాలు, అందరూ ‘మంచి పంతులు కావాలి’ అనే అన్నారు. ఒక్కరూ వద్దనలేదు. అయితే ఒక్కొక్కరి మనసులో ఉన్న పంతులు ఒక్కో రకం. ఖర్చు పెట్టేవాళ్లు మారినప్పుడల్లా మంచి పంతులు అనే మాటకు అర్థం కూడా మారిపోయింది. పాఠ్యపుస్తకాల్లో దీన్ని ‘విద్యాభివృద్ధి’ అని రెండు లైన్లలో చెప్పేస్తారు. నాకు మాత్రం ఆ అభివృద్ధి కన్నా దాని వెనక జరిగిన బేరాలే ఆసక్తిగా అనిపించాయి.

కథ ఎగ్మూరులో మొదలవుతుంది. ఆండ్రూ బెల్ అనే పాదిరి స్కాట్లండ్ నుంచి 1787లో మన దేశం వచ్చాడు. 1789లో ఎగ్మూరులోని మగపిల్లల అనాథాశ్రమానికి సూపరింటెండెంట్ అయ్యాడు. అక్కడి పిల్లల్లో ఎక్కువమంది కంపెనీ సైన్యంలోని తెల్లసిపాయిలకూ ఇక్కడి ఆడవాళ్లకూ పుట్టినవాళ్లు. చదువు చెప్పేవాళ్లు తక్కువ, ఉన్నవాళ్లకు పని మీద శ్రద్ధ ఇంకా తక్కువ. ఒకరోజు బెల్ దారిలో ఒక ‘మలబారు’ బడి చూశాడు. ఆ రోజుల్లో ఇంగ్లీషువాళ్లు తమిళులను కూడా మలబారు వాళ్లనే పిలిచేవారు. అంటే అది మన ఊళ్లో అరుగు మీద నడిచే మామూలు వీధిబడి, తమిళంలో తిణ్ణై పళ్ళికూడం. పిల్లలు నేలమీద పరిచిన ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుతున్నారు. పలక అక్కర్లేదు, కాగితం అక్కర్లేదు, సిరా అక్కర్లేదు. ఖర్చు సున్నా. బెల్‌కు అది తెగ నచ్చేసింది.

వెంటనే తన ఆశ్రమంలో అలాగే నేర్పమన్నాడు. అక్కడి పంతుళ్లు కుదరదు పొమ్మన్నారు. బెల్ వాళ్లతో వాదించకుండా జాన్ ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేళ్ల కుర్రాణ్ణి పిలిచి, చిన్న తరగతికి అక్షరాలు నేర్పే పని అప్పగించాడు. ఆ పిల్లవాడు మామూలు సిపాయి కొడుకు. పంతుళ్లు కాదన్న పని అతను చేసి చూపించాడు. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పడం, వాళ్లను ఒక పెద్దాయన పైనుంచి చూసుకోవడం అనే పద్ధతి అలా తయారైంది. నిజానికి ఇది కూడా మన వీధిబడిలో ఉన్నదే. పంతులు లేనప్పుడు క్లాసు చూసుకునే పెద్ద కుర్రాణ్ణి తమిళంలో చట్టాంపిళ్ళై అంటారు. ఇప్పుడు మన క్లాసు లీడరు చేసేది కూడా అదే పని. కాకపోతే మన లీడరు అక్షరాలు నేర్పడు, మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాస్తాడు.

బెల్ తిరిగి వెళ్లి 1797లో లండన్‌లో తన ప్రయోగం గురించి ఒక చిన్న పుస్తకం అచ్చువేశాడు. దానికి ‘మద్రాసు పద్ధతి’ అనే పేరు వచ్చింది. సరిగ్గా ఆ టైములోనే, 1798లో, జోసెఫ్ లాంకాస్టర్ అనే యువకుడు లండన్‌లోని బరో రోడ్డు దగ్గర పేదపిల్లలకు ఇలాంటి బడే పెట్టాడు. ఇక అక్కడ మొదలైంది గొడవ. లాంకాస్టర్ క్వేకరు, అంటే ఇంగ్లండు ప్రభుత్వ చర్చికి బయటి శాఖవాడు. అతని బడిలో అన్ని శాఖల పిల్లలూ చదవొచ్చు. చర్చి పెద్దలకు ఇది భయం పుట్టించింది. పేదలందరికీ వేరే శాఖవాడు చదువు చెప్పేస్తే రేపు చర్చికి ఎవరొస్తారు? అందుకని వాళ్లు బెల్‌ను ముందుకు తెచ్చారు. 1811లో చర్చి తరఫున నేషనల్ సొసైటీ పెట్టారు. లాంకాస్టర్ వైపు వాళ్లది 1814 నాటికి బ్రిటిష్ అండ్ ఫారిన్ స్కూల్ సొసైటీ అయింది. ఈ రెండు సంఘాలూ తమ తమ బళ్లకు పంతుళ్లు కావాలని శిక్షణ మొదలుపెట్టాయి. ఇంగ్లండులో టీచరు ట్రైనింగ్ కాలేజీల మొదటి వేళ్లు ఇక్కడే ఉన్నాయి. అంటే ఆ దేశంలో పంతుళ్లకు శిక్షణ అనేది పిల్లల మీద ప్రేమతో ఎంత మొదలైందో, పక్క చర్చి మీద పోటీతో కూడా అంత మొదలైంది.

ఇద్దరిలో పద్ధతి ముందు ఎవరిది అని పుస్తకాలు, కరపత్రాలు చాలా వచ్చాయి. పేదపిల్లలందరికీ రాత, లెక్కలు నేర్పాల్సిన అవసరం లేదని బెల్ స్వయంగా రాశాడు. చదవడం వస్తే బైబిలు చదువుకుంటారు, అది చాలు, ఎక్కువ నేర్పితే ఎవరి పని వాళ్లు చేయరు అని అతని భయం. మద్రాసులో ఇసుక మీద రాయించి పేరు తెచ్చుకున్న మనిషి ఆ మాట అనడం నాకు మింగుడుపడలేదు. 1832లో బెల్ చనిపోతే లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో సమాధి చేశారు. అతను ఇచ్చిన డబ్బుతో స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో పెట్టిన బడి పేరు ఈ రోజుకీ ‘మద్రాస్ కాలేజ్’. లాంకాస్టర్ మాత్రం అప్పులపాలై, 1838లో న్యూయార్కులో గుర్రపుబండి కింద పడి పోయాడు. బెల్ రాసినదాంట్లో ఫ్రిస్కెన్ పేరు ఉంది. ఇసుకలో రాయించిన ఆ అరుగుబడి పంతులు పేరు లేదు.

ఆ తర్వాత అక్కడి ప్రభుత్వమే ఒక శిక్షణ బడి పెట్టాలని చూసింది. 1839లో కే షటిల్‌వర్త్ అనే అధికారి అన్ని శాఖలవాళ్లూ కలిసి చదివే ప్రభుత్వ నార్మల్ స్కూలు కావాలన్నాడు. టీచర్లను తయారుచేసే బడిని అప్పట్లో నార్మల్ స్కూలు అనేవాళ్లు. అది ఫ్రెంచి నుంచి వచ్చిన మాట. బోధన ఎలా ఉండాలో దానికొక ప్రమాణం చూపించే బడి అని అర్థం. చర్చి ససేమిరా అంది. ప్రభుత్వం వెనక్కి తగ్గి, అందుకోసం తీసిపెట్టిన 10,000 పౌన్లను రెండు సంఘాలకూ చెరిసగం పంచేసింది. అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టు పంతుళ్లను పంచుకున్నారు.

ఇక మద్రాసు వైపు చూద్దాం. 1822లో గవర్నరు థామస్ మన్రో జిల్లా కలెక్టర్లందరినీ బళ్లు లెక్కపెట్టమన్నాడు. మన తెలుగువాళ్లు ఆయన్ని మన్రో దొర అని ఇప్పటికీ తలుచుకుంటారు. లెక్క తేలింది: 12,498 బళ్లు, 1,88,650 మంది విద్యార్థులు. అప్పుడు రాజధాని మొత్తం జనాభా సుమారు 1 కోటి 28 లక్షలు. ఆ నివేదికల్లో నాకు బాగా నచ్చింది బళ్లారి కలెక్టరు ఎ. డి. కాంబెల్ 1823లో పంపినది. తెలుగు వ్యాకరణం రాసిన కాంబెల్ ఆయనే. ఆయన జిల్లాలో 533 బళ్లు. అందులో కన్నడం 235, తెలుగు 226, మరాఠీ 23, పారశీకం 21, తమిళం 4, ఇంగ్లీషు ఒకటే ఒకటి. మిగిలిన 23 బ్రాహ్మణ పిల్లలు మాత్రమే చదివే సంస్కృత పాఠశాలలు. ఒక్క జిల్లాలో ఇన్ని భాషల బళ్లు పక్కపక్కన నడిచాయంటే ఇప్పుడు నమ్మడం కష్టం.

పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు చెప్పే పద్ధతి మెచ్చుకోదగ్గదని, దాన్ని ఇంగ్లండు అనుకరించడం న్యాయమేనని కాంబెల్ ఒప్పుకున్నాడు. అదే చేత్తో లోపాలూ రాశాడు. పద్యాలు అర్థం తెలియకుండా చిలకల్లా వల్లిస్తున్నారట. చదువుకు డబ్బివ్వలేని కుటుంబాలు పెరుగుతున్నాయట. సీమ బట్టలొచ్చి ఇక్కడి నేతవాళ్ల సంపాదన పడిపోయిందని కూడా దాచకుండా రాశాడు. కంపెనీ ఉద్యోగి కంపెనీ వ్యాపారం గురించి అలా రాయడానికి కొంచెం ధైర్యం కావాలి.

మన్రో 1826 మార్చిలో తన ఆలోచన కాగితం మీద పెట్టాడు. పంతుళ్లకు నెలకు ఆరేడు రూపాయలకు మించి రావడం లేదు, ఆ డబ్బుకు చదువుకున్నవాడు ఎవడొస్తాడు అన్నది ఆయన మొదటి మాట. అందుకని మద్రాసులో పంతుళ్లకు శిక్షణ ఇచ్చే బడి ఒకటి, దానికి నెలకు 700 రూపాయలు. 20 జిల్లాల్లో హిందువులకు ఒకటి, ముస్లింలకు ఒకటి చొప్పున 40 బళ్లు, ఒక్కో పంతులుకు 15 రూపాయలు. తాలూకాల్లో 300 బళ్లు, పంతులుకు 9 రూపాయలు. కూడి చూడండి, నెలకు సరిగ్గా 4,000, ఏడాదికి 48,000 రూపాయలు వస్తుంది. అంత పెద్ద రాజధానికి అది ఏపాటి ఖర్చు? బళ్లు మాత్రం అప్పుడే మతాన్ని బట్టి వేరుచేశారు.

మరుసటి ఏడాది జూలైలో మన్రో కర్నూలు వైపు పత్తికొండ దగ్గర కలరాతో చనిపోయాడు. ఆయన పోయాక ఆ ఆలోచనను పట్టించుకునేవాళ్లు తగ్గిపోయారు. 1830లో లండన్ నుంచి కంపెనీ డైరెక్టర్లు ఉత్తరం రాశారు. పల్లెబళ్ల మీద అంత శ్రద్ధ ఎందుకు, పై తరగతులవాళ్లకు ఇంగ్లీషు చదువు చెప్పండి, వాళ్లే మనకు పరిపాలనలో పనికొస్తారు అని దాని సారం. మన్రోకు ఊరి పంతులు కావాలి. డైరెక్టర్లకు ఆఫీసులో కూర్చునే గుమాస్తా కావాలి. పదేళ్లలో తాలూకా బళ్లు మూతపడ్డాయి.

ఈ మధ్యలో మిషనరీలు ఊరుకోలేదు. వాళ్ల బళ్లు పెరిగాయి, వాళ్ల పంతుళ్లు పెరిగారు. 1846 ప్రాంతంలో గవర్నరు ట్వీడ్‌డేల్ ప్రభుత్వ బళ్లలో బైబిలును పాఠ్యపుస్తకంగా పెడదామన్నాడు. దాన్ని ఎదిరించినవాళ్లలో ముందు నిలబడింది మన తెలుగువాడే, మద్రాసు వర్తకుడు గాజుల లక్ష్మీనరసు చెట్టి. ‘క్రెసెంట్’ పత్రిక నడిపిందీ, 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ పెట్టిందీ ఆయనే. సభలు పెట్టారు, మహజర్లు పంపారు, ఆ ప్రతిపాదన ఆగిపోయింది. 1854లో ఉడ్ పంపిన విద్యా తాఖీదు వచ్చేసరికి రాజీ కుదిరింది: ప్రభుత్వ బళ్లలో మతం చెప్పకూడదు, మిషన్ బళ్లకు మాత్రం గ్రాంటు ఇవ్వొచ్చు. ఎవరి పంతులు వాళ్లకు!

ఆ తాఖీదులోనే ప్రతి రాజధానిలో శిక్షణ బళ్లు పెట్టమని, నేర్చుకునేవాళ్లకు స్టయిపెండు, పాసైతే సర్టిఫికెట్టు ఇమ్మని ఉంది. దాని ప్రకారం 1856లో వేపేరిలో ప్రభుత్వ నార్మల్ స్కూలు తెరిచారు. తర్వాత అదే సైదాపేట టీచర్స్ కాలేజీ అయింది. సైదాపేట స్టేషను మీదుగా ఎలక్ట్రిక్ ట్రైనులో ఎన్నిసార్లు వెళ్లానో లెక్క లేదు గానీ ఇది తెలిశాక గానీ ఆ పేరును నేను పట్టించుకోలేదు.

అయితే సర్టిఫికెట్టు వచ్చింది గనక అరుగుబడి పంతులుకు కొత్త కష్టం వచ్చింది. అంతవరకు అతనికి ఊరే యజమాని. పండక్కి ధాన్యం, నెలకు అణాలో బేడలో, పిల్లవాడు రామాయణం మొదలుపెడితే ఒక పంచె. ఇప్పుడు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. 1860ల తర్వాత మద్రాసు రాజధానిలో ‘ఫలితాన్ని బట్టి గ్రాంటు’ పద్ధతి బాగా పాకింది. ఇన్‌స్పెక్టరు వచ్చి పిల్లలను పరీక్షిస్తాడు, ఎంతమంది పాసైతే పంతులుకు అంత డబ్బు. తప్పితే కోత. పంతులు ఏం చేస్తాడు? ఇన్‌స్పెక్టరు అడిగే నాలుగు ప్రశ్నలే ఏడాదంతా చెప్పిస్తాడు. కాంబెల్ తప్పుపట్టిన చిలకపలుకులనే ఇప్పుడు సర్కారు డబ్బిచ్చి మరీ పలికించింది. (పదో తరగతి పాస్ పర్సెంటేజీ గురించి ఇక్కడ ఒక మాట రాయాలని ఉంది, కానీ ఈ పత్రిక మా హెడ్‌మాస్టరు గారు కూడా చదువుతారు.)

మిషనరీల గురించి ఒకవైపే రాస్తే అన్యాయం అవుతుంది. ఒంగోలు ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ క్లౌ దొర ఉండేవాడు. పెద్ద కరువు తర్వాత, 1878 జూలై 3న ఒక్కరోజులో 2,222 మంది గుండ్లకమ్మ ఒడ్డున బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. ఆ తర్వాత ఊరూరా వాళ్ల పేటలకు పంతుళ్లు కావలసివచ్చారు. ఆ పేటల కుర్రాళ్లనే మిషన్ చదివించి పంతుళ్లుగా పంపింది. మిషన్‌కు కావలసింది వారమంతా పాఠం చెప్పి ఆదివారం ప్రార్థన చేయించే మనిషి. అది స్వార్థమే అనుకుందాం. కానీ ఊరి అరుగుబడి మెట్టు ఎక్కనివ్వని పిల్లవాడికి, తన పేటలోకి పలక పట్టుకుని వచ్చిన మొదటి మనిషి ఆ పంతులే. లక్ష్మీనరసు చెట్టి గారు బైబిలును ఎదిరించడం న్యాయమే అనిపిస్తుంది. ఒంగోలు పేటలోని ఆ పిల్లవాడి వైపు నుంచి చూస్తే ఆ న్యాయం సగమే కనిపిస్తుంది. ఈ రెండింటినీ ఎలా కలపాలో నాకు తోచలేదు, అందుకే రెండూ రాసేస్తున్నాను.

ఆడపిల్లల చదువు దగ్గరికి వస్తే బేరం ఇంకా గట్టిది. ఇంగ్లండు నుంచి మేరీ కార్పెంటర్ అనే ఆమె 1866లో మన దేశానికి వచ్చి బొంబాయి, మద్రాసు, కలకత్తా తిరిగింది. బాలికల బళ్లు చూసి ఒకటే మాట చెప్పింది: ఈ బళ్లలో చెప్పేవాళ్లంతా మగవాళ్లు, పిల్ల పదేళ్లకు వచ్చిందంటే ఇంట్లోవాళ్లు మాన్పించేస్తున్నారు, కాబట్టి ముందు ఆడ టీచర్లను తయారుచేయండి. ఆమె చెప్పింది నిజం. కానీ టీచరుగా ఎవరొస్తారు? పెళ్లయిన ఆమెను భర్త పంపడు. పెళ్లికాని పెద్దపిల్ల ఆ రోజుల్లో ఏ హిందూ ఇంట్లోనూ ఉండదు. ఇక మిగిలింది విధవలు.

ఇక్కడ నన్ను ఆశ్చర్యపరిచింది ఈశ్వరచంద్ర విద్యాసాగర్. విధవల పెళ్లిళ్ల కోసం 1856 చట్టం తెప్పించిన మనిషి ఆయన. బెంగాలులో ఎన్నో బాలికల బళ్లు పెట్టినవాడు. ఆయనే 1867లో ప్రభుత్వానికి రాసి, ఆడ టీచర్ల శిక్షణ బడి ఇప్పుడు వద్దన్నాడు. గౌరవంగా బతికే కుటుంబాలు తమ ఆడవాళ్లను ఆ ఉద్యోగానికి పంపవు, బడి నిలబడదు, చెడ్డపేరు మాత్రం మిగులుతుంది అన్నాడు. ఆయన మాట వినకుండా కలకత్తాలో పెట్టారు, 1872లో మూసేశారు. ఆయన అంచనా నిజమైందనాలా, అలాంటి పెద్దమనుషులు వెనక నిలబడకపోవడం వల్లే అలా అయిందనాలా?

మద్రాసులో 1870లో ప్రభుత్వ స్త్రీల నార్మల్ స్కూలు వచ్చింది. హిందూ ఇళ్లనుంచి, ముఖ్యంగా పెద్దకులాల ఇళ్లనుంచి వచ్చేవాళ్లు చాలా ఏళ్లపాటు అంతంతమాత్రమే. ప్రభుత్వానికి ఆ ఇళ్ల పిల్లలకు చెప్పడానికి ఆ కులాల టీచర్లే కావాలి, ఎందుకంటే వేరేవాళ్లు చెబితే పిల్లల్ని పంపరు. ఆ ముడి విప్పింది ఆర్. ఎస్. సుబ్బలక్ష్మి. ఆమె 1886లో పుట్టారు. 11 ఏళ్లకు పెళ్లి, పెళ్లయిన కొద్దికాలానికే భర్త పోయాడు. తండ్రి, పిన్ని ఆమెను చదివించారు. 1911లో బి.ఎ. పాసయ్యారు. మద్రాసు రాజధానిలో పట్టా తీసుకున్న మొదటి హిందూ విధవ ఆమే. వెంటనే ఎగ్మూరులోని తన ఇంట్లోనే నలుగురు చిన్నపిల్లలతో విధవల హోమ్ మొదలుపెట్టారు. అవును, మళ్లీ ఎగ్మూరే. తర్వాత అది మెరీనా మీది ఐస్ హౌస్‌కు మారింది. ఒకప్పుడు అమెరికా నుంచి ఓడల్లో వచ్చిన మంచుగడ్డలు దాచిన ఆ గుండ్రటి కట్టడంలో టీచర్లు కాబోయే అమ్మాయిలు చదువుకున్నారు. 1922లో ప్రభుత్వం లేడీ విల్లింగ్డన్ ట్రైనింగ్ కాలేజీ పెడితే దానికి మొదటి ప్రిన్సిపాల్ ఆమే అయ్యారు.

ఆ హోమ్‌లో బ్రాహ్మణ బాలవిధవలనే చేర్చుకున్నారు. లేకపోతే ఆ ఇళ్లవాళ్లు పంపేవాళ్లు కారు. వంట, మడి, ఆచారం అన్నీ పాటించారు. ఆలోచిస్తే ఇది మూడు పక్షాల ఒప్పందం. ప్రభుత్వానికి ఆడ టీచర్లు దొరికారు. సనాతనులకు కులం చెడలేదు, విధవ విధవగానే ఉంది. ఆ అమ్మాయిలకు జీతం, తల ఎత్తుకునే బతుకు దొరికాయి. మన వీరేశలింగం పంతులు గారు 1881లో రాజమండ్రిలో విధవకు మళ్లీ పెళ్లి చేస్తే ఊరు ఊరంతా వెలివేసింది. సుబ్బలక్ష్మి గారి దారిలో వెలి తక్కువ, కానీ మళ్లీ పెళ్లి మాట లేదు. మా అమ్మమ్మను అడిగితే ‘జీతం చేతికొస్తే పెళ్లి సంగతి తర్వాత చూసుకోవచ్చు’ అంది. నేను ఏ పక్షమో ఇంకా తేల్చుకోలేదు. అయితే ఆ ఒప్పందానికి బయట ఉండిపోయినవాళ్లు ఉన్నారు. దేవదాసీ కుటుంబాల అమ్మాయిలను హాస్టళ్లు చేర్చుకోకపోవడం చూసి డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి గారు 1930లో అవ్వై హోమ్ వేరుగా పెట్టవలసివచ్చింది.

ఇప్పుడు భాష సంగతి. మద్రాసు రాజధాని ఉన్నన్నాళ్లు సైదాపేటకు తమిళులు, తెలుగువాళ్లు, మలయాళీలు, కన్నడిగులు అందరూ వచ్చేవాళ్లు. ఎవరి పుట్టినరోజును మనం టీచర్స్ డేగా చేసుకుంటామో ఆ సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు కూడా 1910లో ఎల్.టి. శిక్షణకు అక్కడే చేరారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వేరయ్యింది. గీత గీసినప్పుడు ఊళ్లు పంచుకున్నారు, నదులు పంచుకున్నారు. గీతకు ఇవతల ఉండిపోయిన తెలుగు బళ్లకు రేపటి టీచర్లు ఎక్కడ తయారవుతారు అనేది పెద్ద చర్చ కాలేదు. 1956లో రాజ్యాంగంలో 350ఎ అధికరణం చేర్చారు. భాషా మైనారిటీల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువుకునే సదుపాయాలు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని అందులో ఉంది. నేను ఆ అధికరణాన్ని మాట మాట పట్టి చదివాను. పిల్లలు అనే మాట ఉంది, సదుపాయాలు అనే మాట ఉంది, రాష్ట్రపతి ఆదేశాలు ఇవ్వొచ్చని కూడా ఉంది. టీచరు అనే మాట లేదు.

2006లో తమిళనాడులో తమిళం తప్పనిసరి చేసే చట్టం వచ్చింది. ఒకటో తరగతితో మొదలుపెట్టి ఏడాదికో తరగతి చొప్పున పదో తరగతి దాకా. దీనిమీద మన బళ్లలో చాలా కోపం ఉంది, కేసులు కూడా నడిచాయి. నేను మాత్రం ఒక మాట అంటాను. ఇక్కడ పుట్టి పెరిగి తమిళం చదవడం, రాయడం రాకపోతే నష్టం మనకే. రాష్ట్రం తన భాష నేర్పాలనుకోవడం తప్పు కాదు. తల్లిదండ్రులు ఇంగ్లీషు మీడియం అంటారు, అదీ తప్పు కాదు. తెలుగు సంఘాలవాళ్లు తెలుగు నిలబడాలంటారు, అది ఎలాగూ తప్పు కాదు. అందరూ చెప్పేది సరైనదే అయినప్పుడు ఎవరి మాట నెగ్గుతుంది? బెల్ కాలం నుంచి చూస్తే, పంతుళ్లను తయారుచేసేది ఎవరైతే వాళ్లదే.

మాకు లెక్కలు చెప్పే టీచరమ్మది తెలుగు ఇల్లే, కానీ శిక్షణ అంతా తమిళంలో జరిగింది. భిన్నాలు చెప్పడం ఆమె నేర్చుకున్నప్పుడు పైది తొగుది, కిందిది పగుది. మా పుస్తకంలో పైది లవం, కిందిది హారం. మొదటి ఏడాది ప్రతి రాత్రీ తెలుగు పుస్తకం ముందు వేసుకుని మాటలు మార్చుకునేదాన్నని ఆమె ఒకసారి చెప్పారు. బోర్డు మీద గబగబా లెక్క చేస్తున్నప్పుడు ఇప్పటికీ నోట్లోంచి తొగుది అనే వస్తుంది, మేమూ అలాగే అర్థం చేసుకుంటాం. శిక్షణలో ఒక్క మాట కూడా ఆమెకు తెలుగులో ఎవరూ చెప్పలేదు. ఆ పని ఆమె ఒక్కతే, జీతం లేకుండా, ఇంట్లో కూర్చుని చేసుకున్నారు.

వచ్చే జూన్‌కు మా సైన్సు మాస్టారు రిటైరవుతున్నారు. ఆ పోస్టు కోసం ఇప్పటికి ఇద్దరు అడిగారని విన్నాను. ఒకాయన సేలంలో తమిళంలో శిక్షణ పొందారు, తెలుగు మాట్లాడతారు గానీ రాయడం అంతంతమాత్రం. ఇంకొకామె నెల్లూరులో తెలుగులో శిక్షణ పొందారు, తమిళం రాదు, ఇక్కడి అర్హత పరీక్ష ఇంకా రాయలేదు. కమిటీ వాళ్లు రెండుసార్లు కూర్చున్నారు. ఇంకా తేలలేదు.